బానెట్ మీద సున్నపు చుక్కలు

మే 4, ఆదివారం. తిరువళ్లూరు

ఊరి నుంచి వచ్చేసరికి కారు చూసి ప్రాణం ఉసూరుమంది. పక్కింటి మిద్దె మీది ట్యాంకు నిండి పొర్లినప్పుడల్లా నీళ్లు గాలికి ఇటే చిమ్మాయట. ముదురు నీలం బానెట్ నిండా తెల్లటి చుక్కలు. వంగి చూస్తే ఒక్కో చుక్కకీ నడుమ పలుచగా, అంచు చుట్టూ గట్టిగా సున్నపు గీత. గోటికి గరుగ్గా తగులుతోంది. షాంపూతో కడిగాను. తడి ఉన్నంతసేపు కనబడలేదు, ఆరగానే అన్నీ తేలాయి.

మా వీధంతా బోరు నీళ్లే. కండలేరు నుంచి వచ్చే కృష్ణా నీళ్లు ఊత్తుకోట దగ్గర సరిహద్దు దాటి మా పక్కనున్న పూండి జలాశయానికే చేరతాయి, అక్కణ్ణుంచి చెన్నై దాహం తీర్చడానికి పోతాయి. మా బోరు నీళ్లలో టీడీఎస్ మీటరు ముంచితే వెయ్యి దాటింది. తాగేనీటికి బీఐఎస్ పెట్టిన మొదటి హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు. గీజరు రాడ్డుకి పట్టే తెల్లపొరా ఇదీ ఒకటే. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్, నీళ్లు ఆవిరైతే కార్బొనేట్‌గా మారి గట్టిపడుతుంది. సబ్బుకి లొంగదు, పులుపుకి లొంగుతుంది.

మే 6, మంగళవారం

షెడ్డు కుర్రాడికి చూపించాను. "బాత్రూం ఆసిడ్ కొంచెం నీళ్లలో కలిపి తుడిచేయండి సార్, నిమిషంలో పోతాది" అన్నాడు. వద్దు నాయనా అన్నాను. ఆ ఆసిడ్ సున్నాన్ని కరిగించే మాట నిజమే, కానీ క్రోమ్ పట్టీనీ అల్యూమినియం చక్రాలనీ కూడా వదలదు. గిన్నెలు తోమే పీచు మాట ఇంకొకరు ఎత్తారు. రంగు మీదుండే క్లియర్ కోట్ మందం సుమారు 40, 50 మైక్రాన్లు. పీచు పెట్టి రుద్దితే మరక కంటే ముందు అదే పోతుంది.

మే 11, ఆదివారం

కత్తిరి ఎండలు. తెల్లారకముందే మొదలుపెట్టాను, రేకు చల్లగా ఉండగానే చేయాలి. కిరాణా కొట్టు తెల్ల వినిగర్ సగం, ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ సగం. ముందు దుమ్మంతా కడిగేసి, మెత్తటి గుడ్డ ఆ నీళ్లలో ముంచి బానెట్ మీద ఓ జానెడు మేర పరిచాను. రుద్దలేదు. రెండు మూడు నిమిషాలు ఊరనిచ్చి, ఆరకముందే తీసి నీళ్లు కుమ్మరించి మెత్తగా తుడిచాను. మందంగా పట్టినచోట గుడ్డ ఎత్తి చూస్తే సున్నపు గీత మీద సన్నటి బుడగలు. కరిగేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ అది. ఆ పక్క జానెడుకి మళ్లీ అదే వరస. ఎండ వచ్చేలోపు బానెట్ చాలావరకు తేటపడింది.

కొన్ని చుక్కలు కదల్లేదు. బోరు నీళ్లలో సిలికా కూడా ఉంటుంది, దాని ముందు వినిగర్ పారదు. వాటి మీద షాంపూ నీళ్లు చల్లి క్లే బార్ జార్చాను. ఆ బంకముద్ద రంగుకి అంటుకున్నదాన్ని పట్టి లాగేస్తుంది. తడి లేకుండా మాత్రం ఆడించకూడదు.

మే 13, మంగళవారం. తిరుత్తణి

అక్క వాళ్లింటికి. 1960 ఏప్రిల్ 1 దాకా ఈ ఊరు చిత్తూరు జిల్లాలోది. ఇంట్లో ఇప్పటికీ తెలుగే. వాకిట్లో బావగారి నల్లబండి మీదా అవే చుక్కలు.

"ఆర్వో వదిలేసే నీళ్లు పారబోయడమెందుకని, బకెట్లో పట్టి బండి కడిగిస్తున్నాం గదరా" అంది.

"అక్కా, ఆర్వో మంచినీళ్లు మనకిచ్చి ఉప్పంతా ఆ బకెట్లోకి తోస్తుంది. అవి బోరు నీళ్లకంటే ముదురు. నేల కడుక్కో, బండికి పోయొద్దు."

ఏసీ పైపు కింద బకెట్ పెట్టించాను. మీటరు ముంచితే రెండంకెలు దాటలేదు. గాల్లోని తేమ చల్లబడి నీరైంది కాబట్టి అందులో ఉప్పుండదు. ఆఖరున కడగడానికి ఇంతకంటే మంచి నీళ్లు ఇంట్లో దొరకవు.

సాయంత్రం కొండ మీదికి. పూజ అయిన కొత్త బండి బానెట్ మీది విభూతిని ఒకాయన పొడిగుడ్డతో గట్టిగా రుద్దుతున్నాడు. మనసాగక ఆపాను. విభూతి అంటే బూడిదే, ఖనిజాల పొడి. ముందు నీళ్లు పోసి జార్చాకే గుడ్డ తగలాలి.

మే 18, ఆదివారం. తిరువళ్లూరు

పక్కింటాయన ట్యాంకుకి ఫ్లోటు వాల్వు పెట్టించాడు. ఈ పనులన్నిటిలోకీ పెద్దపని అదే. వినిగర్ తగిలిన చోట పాత వాక్సు నిలవదు కాబట్టి కొత్తగా వాక్సు పట్టించాను. ఇకమీదట కడిగిన వెంటనే ఏసీ నీళ్లు పోసి, ఎండలో ఆరనివ్వకుండా గుడ్డతో ఒత్తడమే.

బానెట్ కుడివైపు రెండు మచ్చలు మిగిలాయి. వేలికి గరుకు తగలదు, ఏటవాలుగా చూస్తే మాత్రం చిన్న గుంట కనబడుతుంది. అవి క్లియర్ కోట్ లోపలికి దిగినవి. తీయాలంటే చుట్టూ ఉన్న పొరని అరగదీసి ఆ గుంట లోతుకి తేవాలి. ఆ రెండింటి కోసం ఉన్న పొర పోగొట్టుకోను. ఉండనిస్తాను.