అందినట్లు రసీదు

ఏ కార్యాలయంలోనైనా తపాలా విభాగానిది నిరాడంబరమైన స్థానం. వచ్చిన కాగితాన్ని పరిశీలించి అందుకోవడం, ఇన్‌వర్డ్ రిజిస్టరులో వరుస సంఖ్య వేయడం, తేదీ ముద్ర కొట్టడం, తెచ్చినవారికి రసీదు ఇవ్వడం దాని పని. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లోపించినా ఎవరో ఒకరి న్యాయమైన హక్కు గల్లంతవుతుంది. మన విశ్రాంత ఉద్యోగుల వైద్య బిల్లులను కంప్యూటరు ద్వారా స్వీకరించే ఏర్పాటులో పనిచేస్తున్న నాకు ఈ సత్యం నిత్యం అనుభవంలోకి వస్తూ ఉంటుంది.

వెబ్ పేజీలోని ఫారం తొలినాళ్లలో టైపు చేసిన అక్షరాలను మాత్రమే మోసుకుపోయేది. వాటితోపాటు ఫైలును కూడా పంపే పద్ధతిని జిరాక్స్ సంస్థకు చెందిన ఎర్నెస్టో నెబెల్, లారీ మాసింటర్‌లు ప్రతిపాదించగా, అది 1995 నవంబరులో ఆర్.ఎఫ్.సి. 1867గా వెలువడింది. ఒకే కవరులో పేరు, పింఛను సంఖ్య, బిల్లు చిత్రం వేర్వేరు భాగాలుగా ఉంటాయి. భాగానికీ భాగానికీ నడుమ ఒక సరిహద్దు గుర్తు ఉంటుంది. 'మల్టీపార్ట్' అనే పేరు అందుకే వచ్చింది. సర్వరులోని జావా ప్రోగ్రాము ఆ గుర్తులను బట్టి కవరు విప్పుతుంది. ఇందుకు చాలాకాలం అపాచీ కామన్స్ ఫైల్‌అప్‌లోడ్ వంటి లైబ్రరీలే ఆధారం. 2009 డిసెంబరులో వచ్చిన సర్వ్‌లెట్ 3.0 ఆ సదుపాయాన్ని ప్రమాణంలోనే చేర్చింది.

కవరు విప్పడం సులభమైనది కాని, తపాలా గుమాస్తా విచక్షణను మాత్రం ప్రోగ్రాముకు మనమే నేర్పాలి. పరిమాణానికి హద్దు చెప్పకపోతే సర్వ్‌లెట్ తనంతట తాను ఏ హద్దూ పెట్టుకోదు. డిస్కు నిండితే అందరి బిల్లులూ ఆగిపోతాయి. ఫైలు పేరు చివరనున్న 'పీడీఎఫ్' అన్న మాట కవరుపై రాతవంటిదే. లోపల నిజంగా ఏమున్నదో మొదటి బైట్లు చూసి తెలుసుకోవాలి. పంపినవారు పెట్టిన పేరుతోనే భద్రపరిస్తే, ఇద్దరు 'బిల్లు' అనే పేరుతో పంపిననాడు ఒకరిది మరొకరిదాన్ని చెరిపివేస్తుంది. అందువల్ల వరుస సంఖ్యనే ఫైలుకు పేరుగా పెట్టి, అసలు పేరును రిజిస్టరులో రాసుకోవాలి. ఆ పేరు తెలుగులో ఉంటే యూటీఎఫ్-8లో ఒక్కొక్క వర్ణ సంకేతానికి 3 బైట్లు. వేరే పద్ధతిలో చదివితే పిచ్చిరాతలే మిగులుతాయి.

నాకు తెలిసిన ఒక విశ్రాంత ఫోర్‌మన్‌గారు తమ భార్య చికిత్స బిల్లును వేరొక కార్యాలయానికి ఇలాగే పంపారు. సెల్‌ఫోనుతో తీసిన చిత్రం పరిమితిని మించింది. తెరపై 'దోషం' అన్న మాట తప్ప కారణం కనబడలేదు. మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుండగానే గడువు తీరిపోయింది. "కుదరదన్నా బాధపడేవాణ్ణి కాదు బాబూ, ఎందుకు కుదరదో చెప్పలేదు" అన్నారాయన.

పరిమితి మించినప్పుడు సర్వ్‌లెట్ ఆ సంగతిని ప్రోగ్రాముకు తెలియజేస్తుంది. దానిని అందిపుచ్చుకొని, 'చిత్రం 10 ఎంబీకి మించరాదు. తగ్గించి పంపండి' అని తెలుగులో చెప్పడానికి కొద్ది పంక్తులు చాలు. పంపకముందే పేజీలో కొలిచి చెబితే పల్లెలోని వారికి నిరీక్షణ కూడా తప్పుతుంది. అయితే పేజీలోని తనిఖీని దాటి రావడం సాధ్యమే కనుక సర్వరులో మళ్లీ చూడక తప్పదు. ఇక రసీదు సంఖ్యను ఫైలు డిస్కుపై చేరి, రిజిస్టరులో నమోదు పూర్తయిన తరువాతనే ఇవ్వాలి. అంతకుముందే ఇచ్చే రసీదు అసత్యంతో సమానం.

ముప్ఫై ఏళ్లు సంస్థకు సేవ చేసిన వ్యక్తి 'పంపు' మీట నొక్కి ఎదురుచూసేది ఆ సంఖ్య కోసమే. దానిని నమ్మదగినదిగా ఇవ్వడం ప్రోగ్రాము రాసేవారి విధి.