ఎనభై ఏడో ఎక్కం

బళ్ళో మనకి ఇరవయ్యో ఎక్కం వరకే నేర్పారు కదా... నాకు ఎనభై ఏడోది కూడా వచ్చు! నేర్పింది జర్మనీ. 2021 అక్టోబర్లో ఎమ్మెస్ చేద్దామని మాగ్డెబర్గ్‌లో దిగేనాటికి యూరో దాదాపు 87 రూపాయలు. క్యాంటీన్లో నాకు కాఫీ కనపడేది కాదు, 104 రూపాయలు కనపడేవి. డోనర్ కబాబ్ అయితే 435. దణ్ణం పెట్టి, రూముకొచ్చి పప్పుచారు కాచుకునేవాణ్ణి. దార్లో ఎవరో పడేసిన ప్లాస్టిక్ సీసా కనపడితే, మిషన్లో వేస్తే 25 సెంట్లొస్తాయి కదాని అటూ ఇటూ చూసి సంచీలో వేసుకున్న రోజులూ ఉన్నాయి.

వీసాకి ఏడాది ఖర్చు ముందే బ్లాక్డ్ అకౌంట్లో వెయ్యాలి. అప్పట్లో అందులోంచి నెలకి 861 యూరోలు చేతికొచ్చేవి (2024 సెప్టెంబర్ నుంచి 992 చేశారు). హాస్టల్ అద్దె 310, ఆరోగ్య బీమా 110 పోతే 441 మిగిలేవి. ఏమాటకామాటే చెప్పుకోవాలి, జాగ్రత్తగా ఉంటే ఒక మనిషికి చాలు. కానీ అది తెనాలిలో నాన్న ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి తెచ్చిన డబ్బు. ఖర్చు పెట్టడానికి చెయ్యి వచ్చేది కాదు.

డిసెంబర్లో మంచు పడింది. చలికాలపు బూట్లు 60 యూరోలు. ఎక్కం రెడీగా ఉందిగా, 5,220 రూపాయలు! "బూట్లకా?" అనుకుని ఇంటినుంచి తెచ్చుకున్న కాన్వాస్ బూట్లతోనే తిరిగా. ఓ పొద్దున ట్రామ్ స్టాప్ దగ్గర గడ్డకట్టిన మంచు మీద జారి పడ్డా. మణికట్టు ఎముక చిట్లింది. వైద్యం ఖర్చు బీమా చూసుకుంది కానీ, జనవరిలో చేరాల్సిన గోడౌన్ పని ఇంకొకడికి పోయింది. గంటకి 9.82 యూరోలు, వారానికి పది గంటలు. నెలకి దాదాపు 400 గోవిందా.

వీడియో కాల్లో కట్టు చూసి నాన్న అడిగారు.

"బూట్లకి కూడా డబ్బుల్లేవా? చెప్పొద్దురా?"

"లేక కాదు నాన్నా... ఎక్కువనిపించి..."

ఆయనింకేం మాట్లాడలేదు. ఫోన్ అమ్మకిచ్చేశారు. చేతి నొప్పికంటే అదే ఎక్కువ బాధేసింది.

ఆ రాత్రి మా రూమ్మేట్, నాకంటే రెండేళ్ళు సీనియర్, అన్నాడు: "రూపాయల్లో కాదురా, గంటల్లో లెక్కెయ్." ఆలోచిస్తే నిజమే. ఆ బూట్లు ఆరు గంటల పని. లీటరు పాలు ఐదు నిమిషాలు. అప్పట్నుంచి ఏది కొనాలన్నా ఇదే కొలత. అలాగని దుబారా చెయ్యలేదు. ఈ కొలతలో కూడా డోనర్ అరగంట పనే, అందుకని నెలకి రెండుసార్లే తినేవాణ్ణి. కాకపోతే బతకడానికి కావల్సినవి కొనుక్కునేటప్పుడు తప్పు చేస్తున్నట్టు అనిపించడం మానేసింది.

ఇప్పుడు ఇక్కడే ఉద్యోగం. నెలనెలా ఇంటికి ఈఎమ్ఐ పంపే రోజు మాత్రం ఎక్కం బయటికి తీస్తా, అది రూపాయల అప్పు కాబట్టి. 2025లో యూరో వంద దాటాక ఆ ఎక్కం కూడా తేలికైపోయిందనుకోండి!

కొత్తగా వచ్చే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక్కటే మాట. ముందు బూట్లు కొనుక్కోండి :)