తమ్ముడికి ఏ ఆయుధం?

ఇటుకల పండగ వస్తోందంటే మా బొర్రా వైపు కుర్రాళ్లకి వేట మాటలే. పదహారేళ్ల మా తమ్ముడు ‘అన్నా, భుజానికి తన్నని తుపాకీ చూడు’ అంటున్నాడు.

నాటు తుపాకీ మందు కూరినంతా తన్నుతుంది, ఎక్కువైతే గొట్టమే పేలొచ్చు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండాలి, లైసెన్సూ ఉండాలి. 1972 వన్యప్రాణి చట్టంతో వేటే నేరం. కేసు పడితే వాడి చదువేం కావాలి?

అందుకే వెదురు విల్లు చూస్తున్నా. నారి పూర్తిగా లాగి పట్టుకున్నా చెయ్యి వణక్కపోతే అది వాడికి సరిపోయినట్టే. గడ్డిమోపు మీద గురి నేర్చుకోనీ. రాజస్థాన్ ఆదివాసీ లింబారామ్ వెదురు విల్లుతోనే మొదలుపెట్టి 1988, 1992, 1996 ఒలింపిక్స్‌కి వెళ్లారు. విల్లు కట్టే తాతలు ఉండగానే మనమూ నేర్చుకుందాం.