కులూ లోయలో కాష్ఠగృహాలు – నిర్మాణ ప్రమాణాలు

హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ లోయకు వెళ్లే యాత్రికులలో అధిక సంఖ్యాకులు మనాలి మంచును చూసి తిరిగివస్తారు. బియాస్ నదికి ఎడమ గట్టున ఎత్తైన వాలుపై ఉన్న నగ్గర్ గ్రామంలో ఒక పూట గడపగలిగినవారికి మరొక విశేషం గోచరిస్తుంది. దేవదారు దూలాలను, రాళ్లను వరుస మార్చి వరుసగా పేర్చి కట్టిన ఇళ్లు అక్కడ నేటికీ నివాసయోగ్యంగా నిలిచి ఉన్నాయి. కుటుంబాలతో ఎల్.టి.సి.పై వెళ్లిన మేము అక్కడ రెండు రోజులు ఆగాము. వృత్తిరీత్యా సివిల్ ఇంజనీర్లము కావడంచేత మాలో ఒక ప్రశ్న ఉదయించింది. ఇటువంటి ఇంటిని ఈనాడు కొత్తగా కట్టదలచినవారు నిర్మాణ ప్రమాణాలకు లోబడి కట్టగలరా?

ఈ పద్ధతిని అక్కడివారు కాఠ్-కుణీ అంటారు. కాష్ఠము, కోణము అనే మాటలు ఎరిగిన తెలుగువారికి ఆ పేరు వినగానే అర్థమవుతుంది. గోడ వెలుపలి అంచున ఒక దూలం, లోపలి అంచున ఒక దూలం ఉంచి, నడుమ అడ్డకర్రలు బిగిస్తారు. మధ్య ఖాళీని రాళ్లతో నింపుతారు. దానిపై రాతి వరుస, మళ్లీ దూలాల జత. మూలల వద్ద దూలాలు ఒకదానిపై ఒకటి కూర్చుని పెనవేసుకుంటాయి. సిమెంటు గాని సున్నం గాని వాడరు.

నగ్గర్ కోటను సుమారు 1460లో రాజా సిద్ధసింగ్ ఇదే పద్ధతిలో కట్టించాడని ప్రతీతి. 1905 ఏప్రిల్ 4న సంభవించిన కాంగ్డా భూకంపంలో దాదాపు 20,000 మంది మరణించారు. ఆ విపత్తును తట్టుకొని నిలిచిన ఈ కోట తరువాతి కాలంలో రాష్ట్ర పర్యాటక సంస్థ నిర్వహణలో అతిథిగృహమైంది.

దీనికి కారణం అద్భుతమేమీ కాదు. సాధారణ రాతిగోడ భూకంపంలో రెండు పొరలుగా చీలి ఉబ్బుతుంది, మూలలు విడిపోతాయి, పైకప్పు కూలుతుంది. ఇక్కడ అడ్డకర్రలు రెండు పొరలనూ పట్టి ఉంచుతాయి. మూల కట్టు గోడలను విడిపోనివ్వదు. అతుకులలో కలిగే కొద్దిపాటి జారుడు, రాపిడి కుదుపు శక్తిని హరిస్తాయి.

భారతీయ ప్రమాణాల సంస్థ 1993లో వెలువరించిన ఐ.ఎస్. 13828, బలహీనమైన రాతి, ఇటుక కట్టడాల భూకంప రక్షణకు ఉద్దేశించినది. ప్రతి 600 మి.మీ. ఎత్తుకు, 1.2 మీటర్ల దూరానికి ఒకటి చొప్పున గోడ మందమంతా పట్టే త్రూ స్టోన్ ఉండాలని అది కోరుతుంది. తలుపులు, కిటికీలు చిన్నవిగా, మూలలకు దూరంగా ఉండాలంటుంది. గోడల చుట్టూ తెగకుండా సాగే పట్టీ ఉండాలంటుంది. కాంక్రీటు పట్టీకి బదులుగా రెండు సమాంతర కర్రలను అడ్డకర్రలతో నిచ్చెనవలె కలిపి వాడవచ్చునని కూడా సూచిస్తుంది. ఆ పటం చూసినవారికి కులూ గోడ గుర్తుకురాక మానదు. పొట్టి గుమ్మాల క్రింద తలవంచి నడిచిన మా పిల్లలకు ఆ నియమం వెనుకనున్న హేతువును అక్కడే వివరించగలిగాము.

అయితే అన్నీ కలిసిరావు. రాతిగోడ మందం 450 మి.మీ. మించరాదని, ఇల్లు రెండంతస్తులు దాటరాదని ఆ ప్రమాణం నిర్దేశిస్తుంది. పాత కట్టడాలు ఈ హద్దులను తరచు దాటాయి. కొయ్య విషయంలో ఐ.ఎస్. 883 ప్రకారం బలాన్ని, ఐ.ఎస్. 287 ప్రకారం తేమను పరిశీలించాలి. పచ్చికర్ర ఎండేకొద్దీ అడ్డంగా కుంచించుకుపోతుంది. అందువల్ల పూర్తిగా దుంగలతోనే కట్టే ఇంట్లో ద్వారబంధాల పైన, ఆ దిగుడుకు సరిపడా ఖాళీ విడవాలి. లేనియెడల తలుపులు బిగుసుకుపోతాయి.

అన్నింటికంటె పెద్ద ప్రమాదం అగ్ని. 2008 జనవరిలో ఇదే జిల్లాలోని మలాణా గ్రామంలో రేగిన మంటలు అనేక కొయ్య ఇళ్లను దగ్ధం చేశాయి. ఇళ్ల మధ్య ఎడం, పొగగొట్టానికి కర్ర తగలని ఏర్పాటు, ఎండుగడ్డికి వేరు చోటు, సరియైన విద్యుత్తు తీగలు తప్పనిసరి. కలప కూడా సులభంగా లభ్యం కాదు. 1996 డిసెంబరు 12 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు తరువాత అడవులలో చెట్ల నరికివేత ఆమోదిత ప్రణాళికలకు లోబడవలసి వచ్చింది.

ఈ కొరత వల్లనే కాబోలు, ఇటుక గోడలపై పలుచని చెక్కపట్టీలు అతికించిన కొత్త ఇళ్లు దారి పొడవునా కనిపించాయి. వాటిలో కాఠ్-కుణీ రూపం ఉన్నది, కట్టు లేదు. అటువంటి అలంకారం భూకంపం నాడు గోడను పట్టి నిలపదు. కాంక్రీటు మాత్రమే రక్ష అనుకోవడమూ పొరపాటే. 2023 ఆగస్టులో అదే జిల్లాలోని ఆనీ వద్ద వాలు జారి బహుళ అంతస్తుల భవనాలు కూలిపోయాయి. నేల నిలకడను చూడని ఇంటిని ఏ పదార్థమూ కాపాడలేదు.

ప్రమాణంలో పేర్కొనని పదార్థాలను, పద్ధతులను జాతీయ భవన నిర్మాణ స్మృతి నిషేధించదు. వాటి భద్రతను నిరూపించమంటుంది. కనుక కొండప్రాంతాలలో కొయ్య ఇల్లు కట్టదలచిన మన సహోద్యోగులు ముందుగా స్థలపు వాలును, పిమ్మట స్థానిక అధికారుల నియమాలను, ఆపైన ఇంజనీరు లెక్కలను, అనుభవజ్ఞుడైన వడ్రంగి సలహాను సమకూర్చుకొనవలెను. మూలకట్టు, అడ్డకర్ర, ఎండిన కలప, అగ్నిరక్షణ – ఈ నాలుగింటిలో ఏ ఒక్కదానినీ ఖర్చు తగ్గించుకొనుటకు విడిచిపెట్టరాదని మా మనవి.