జిగురు వదలాలంటే

మన కాలేజీ పార్కింగ్‌లో ఒకసారి నడిచి చూడండి. సగం బండ్ల మీద పీకేసిన స్టిక్కర్ల మచ్చలుంటాయి. హీరో బొమ్మ పోయింది, జిగురు మిగిలింది. దుమ్ము పట్టి నల్లగా, ముట్టుకుంటే వేలికి అంటుకుంటూ. చాలామంది అలాగే వదిలేస్తారు. కొంతమంది బ్లేడుతో గీకుతారు. గీకినవాళ్ల బండే ఇంకా ఘోరంగా ఉంటుంది.

మా నాన్న బండి మీద ఉన్నది హీరో బొమ్మ కాదు. మా టిఫిన్ సెంటర్ పేరు. అంటే మా అమ్మ పేరు. ఎర్ర ప్యాషన్ ప్రో, ట్యాంకుకి రెండు పక్కలా పసుపు అక్షరాలు. తొమ్మిదేళ్లు గుంటూరు ఎండలో తిరిగింది ఆ పేరు. సెంటర్ మూతపడ్డాక నాన్న వేరేవాళ్ల హోటల్లో వంటమాస్టరుగా చేరాడు. సొంత హోటల్ పేరున్న బండిని ఇంకొకరి హోటల్ ముందు పెట్టలేక, వెనక సందులో పెట్టి నడిచి వెళ్లేవాడట. ఇది అమ్మ చెప్పింది. నాన్న చెప్పలేదు.

సంక్రాంతి సెలవులకి నేను ఇంటికెళ్లేసరికి స్టిక్కర్ పీకేసి ఉంది. ఎండకి పెళుసెక్కిన స్టిక్కర్ ముక్కలుముక్కలుగా ఊడింది కానీ జిగురంతా అక్కడే ఉండిపోయింది. నిన్నటిదాకా పసుపుగా ఉన్న పేరు ఇప్పుడు నల్లగా కనిపిస్తోంది. నాన్న పెయింట్ షాపు నుంచి థిన్నర్ సీసా తెచ్చి పెట్టుకున్నాడు. "దీంతో రుద్దితే పోద్దంటరా" అన్నాడు.

పోతుంది, పెయింటుతో సహా. స్టిక్కర్ జిగురు ఎప్పటికీ పూర్తిగా గట్టిపడని పాలిమర్. నీళ్లలో కరగదు, నూనెలో మెత్తబడుతుంది. థిన్నర్లో కరుగుతుంది కానీ, థిన్నరుకి జిగురేదో పెయింటేదో తేడా తెలీదు. రేకు మీద ప్రైమర్, దాని మీద రంగు, పైన మెరుపు కోసం క్లియర్ కోటు. కార్ల మీద ఇవన్నీ కలిపినా మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు. అంటే ఒకటి రెండు వెంట్రుకల మందం. అసిటోన్, బ్లేడు, స్టీలు పీచు, ఏది వాడినా పోయేది ఆ మందంలోంచే.

జిగురుని వేడి చేస్తే మెత్తబడుతుంది. కానీ ఇది పెట్రోలు ట్యాంకు, హెయిర్ డ్రయ్యర్ దగ్గరికి తేకూడదు. అందుకని బండిని నీడలో పెట్టి, ఇంజన్ చల్లారాక, వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డని ఐదు నిమిషాలు పరిచాను. పాత ఏటీఎం కార్డుని ఏటవాలుగా పట్టి నెమ్మదిగా తోస్తే జిగురు ఉండలుగా వచ్చింది. మిగిలినదానికి కొబ్బరినూనె రాసి ఇరవై నిమిషాలు ఆగాను. నాన్న పక్కనే ముక్కాలిపీట వేసుకుని చూస్తున్నాడు.

"పెనానికి అంటుకున్న అట్టు లాంటిదేరా. తొందరపడితే చిరుగుద్ది" అన్నాడు. నా చేతిలో కార్డు తీసుకున్నాడు. ఆ తర్వాత నాకు పెద్దగా పని లేదు.

మొండిగా మిగిలిన చోట నీలగిరి తైలం వాడాం. ముందు ట్యాంకు అడుగున, ఎవరికీ కనిపించని చోట ఒక చుక్క రాసి, గుడ్డకి రంగు అంటట్లేదని చూసుకున్నాం. గుడ్డని మాటిమాటికీ మడత మార్చాలి, లేకపోతే జిగురు పక్కకి పాకుతుంది. చివర్లో షాంపూనీళ్లతో కడగాలి. నూనె మిగిలితే మళ్లీ దుమ్ము పడుతుంది. మొత్తం రెండు సాయంత్రాలు పట్టింది.

తుడిచి చూస్తే, అమ్మ పేరు అలాగే ఉంది.

చుట్టూ ఉన్న ఎరుపు ఎండకి వెలిసిపోయింది. స్టిక్కర్ కింద ఎండ తగలని ఎరుపు మాత్రం కొన్నరోజు ఎలా ఉందో అలాగే ఉంది. అక్షరాలు ముదురు ఎరుపులో చదవొచ్చు.

"కాంపౌండ్ పెట్టి పాలిష్ చేస్తే కొంచెం తగ్గుద్ది నాన్నా. కానీ పైపొర అరుగుద్ది."

"చెయ్యకపోతే?"

"ఎండకి అదీ వెలిసి మెల్లగా కలిసిపోద్ది. కొన్నేళ్లు పడుతుంది."

నాన్న వేళ్ల మీద ఏదో లెక్కపెట్టాడు. "నీ బీటెక్ అయిపోద్ది అప్పటికి" అన్నాడు. కాసేపాగి, "ఉండనీ. మీ అమ్మ పేరేగా" అన్నాడు.

థిన్నర్ సీసా మూత తియ్యకుండానే షాపులో తిరిగి ఇచ్చేశాం. బండి ఇప్పుడు హోటల్ ముందు పెడుతున్నాడా, సందులోనే పెడుతున్నాడా అని నేను అడగలేదు. నీలగిరి తైలం మాత్రం సగం సీసా నా రూంలో ఉంది. కావాల్సినవాళ్లు వచ్చి అడగండి. బ్లేడు పట్టుకుని మాత్రం రావద్దు.