ఎక్కించడం

మా జిల్లా ఊళ్లలో "ఎక్కించడం" అనే మాటకు తీరిక ఉండదు. రేషన్ కార్డులో పేరు ఎక్కించాలి, ఓటరు లిస్టులో ఎక్కించాలి, పాస్‌బుక్కులో ఉన్న రెండు గుంటలూ ఎక్కించాలి. "ఎక్కిందా?" అని ఎవరైనా అడిగితే దేంట్లోకి అని ఎదురు అడగరు. కంప్యూటర్లోకే. ఆ మాట ఎంత బరువైందో నాకు తెలిసింది మాత్రం, మనిషి మనసునే కంప్యూటర్లోకి ఎక్కించే కథతో ఒక షార్ట్ ఫిల్మ్ తీసినప్పుడు.

ఫైనలియర్ ప్రాజెక్టు, 12 నిమిషాల నిడివి. ఒక సైంటిస్టు అడవికొచ్చి, చివరి రోజుల్లో ఉన్న ఒక కోయ స్త్రీ మనసును కాపీ చేసుకుంటుంది. ఇదీ కథ. ల్యాబ్ సెట్టు వేసేంత డబ్బు మా దగ్గర లేదు. మా కెమెరామన్ కోయ కుర్రాడే. వాళ్ల అమ్మమ్మగారి గూడెం భద్రాచలం దాటాక అడవి అంచున ఉంది. ఇల్లుంది, తిండి పెడతారు, అమ్మమ్మే నటిస్తానంది. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ, సారపాక మీదుగా వెళ్లి గోదావరి వంతెన దాటాం. 2014లో భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయి, దాని పక్కనున్న ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. మనుషులు ఉన్నచోటనే ఉన్నారు, వాళ్ల కాగితాలు రాష్ట్రం మారాయి. ఈ కథకి ఇంతకంటే మంచి లొకేషన్ దొరకదని అప్పటికింకా మాకు తోచలేదు.

స్క్రిప్టు కోసం బాగానే చదివాం. సి. ఎలిగాన్స్ అనే ఒక మిల్లీమీటరు పురుగుకి ఉన్నవి 302 నాడీకణాలు. వాటిలో ఏది దేనితో కలుస్తుందో చూపించే పటం 1986లోనే అచ్చయింది. ఇన్నేళ్లయినా ఆ పటాన్ని కంప్యూటర్లో నడిపించి "ఇదిగో ఆ పురుగు" అని పూర్తిగా చూపించినవాళ్లు లేరు. 2024లో పండ్ల ఈగ మెదడు పటం మొత్తం వచ్చింది. అందులో సుమారు 1,40,000 కణాలు. మనిషి మెదడులో దాదాపు 8,600 కోట్లు. ఇంత వివరంగా పటం గీయాలంటే మెదడును పలచటి పొరలుగా కోయాలి, అంటే బతికున్న మనిషితో కుదిరే పని కాదు. అదే 2024 డిసెంబరులో ఐఐటీ మద్రాసు వాళ్లు గర్భస్థ శిశువు మెదడు పొరలు 5,132 డిజిటల్ చేసి అందరికీ అందుబాటులో పెట్టారు. దానికి పెట్టిన పేరు 'ధరణి'. తెలంగాణ భూముల రికార్డుల కోసం 2020లో పెట్టిన పోర్టల్ పేరు కూడా అదే. మేం రూములో కూర్చుని దీనికి పడీపడీ నవ్వాం.

గూడెంలో మొదటి రోజు సాయంత్రం అమ్మమ్మకి కథ చెప్పాను.

"నీ మనసంతా కంప్యూటర్లోకి ఎక్కిస్తాం అమ్మమ్మా. నువ్వు పోయాక కూడా అందులోంచి మాట్లాడతావు."

ఆమె కాసేపు ఆలోచించి, "అయితే ఇంక వేలు పెట్టక్కర్లేదా?" అంది.

నాకు అర్థం కాలేదు. మనవడు వివరించాడు. రేషన్ షాపులో వేలిముద్ర మిషన్ చాలాసార్లు ఆమె వేలిని గుర్తుపట్టదు. వేలు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని మళ్లీ పెడుతుంది. ఈ వేలు కాకపోతే ఆ వేలు. కొన్ని నెలలు ఏదీ పనిచేయదు.

"నేను ఈడనే నిలబడి ఉంట బిడ్డా. ఊరంతా నన్ను నేనే అంటరు. మిషన్ నేను కాదంటది. ఆళ్లు మిషన్ మాటే ఇంటరు."

డెరెక్ పార్ఫిట్ అనే తత్వవేత్త 1984లో తన పుస్తకంలో ఒక చిక్కు పెట్టాడు. మనిషిని స్కాన్ చేసి అంగారకుడి మీద అచ్చంగా అలాంటి మనిషినే తయారుచేశారు, ఇక్కడి మనిషీ ఇంకా బతికే ఉన్నాడు. ఇద్దరిలో ఎవరు 'నేను'? మా సైంటిస్టు పాత్రకి ఇదే పెద్ద డైలాగు. అమ్మమ్మ దగ్గర అంగారకుడి దాకా వెళ్లే పని పడలేదు. ఆమె కాపీ ఎప్పుడో తయారైంది. అసలుకీ కాపీకీ పడనప్పుడు ఎవరి మాట నెగ్గుతుందో ఆమెకి తెలుసు. ఓడిపోతే పోయేది ఆ నెల బియ్యం.

మర్నాడు తునికాకు సీను తీశాం. మే నెల, ఎండ మండిపోతోంది. కట్టకి 50 ఆకులు. ఆమె మనవడితో కోయలో ఏదో మాట్లాడుతూనే ఉంది, చూపు కూడా ఆకుల మీద లేదు, చేతులు మాత్రం 50 దగ్గర ఆగి కట్ట కట్టేస్తున్నాయి. టేక్ అయ్యాక నేను కూర్చుని మూడు కట్టలు లెక్కపెట్టాను. మూడూ సరిగ్గా ఉన్నాయి. ఆ లెక్క మెదడులో ఉందా, వేళ్లలో ఉందా? ఏళ్ల తరబడి ఆ పని చేసీ చేసీ గీతలు అరిగిపోయిన వేళ్లే, మిషన్ గుర్తుపట్టని వేళ్లు.

ఆ రాత్రి మనవడు ఇంకో సంగతి చెప్పాడు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద పోడు భూమికి హక్కు అడగాలంటే, 2005 డిసెంబరు 13కి ముందు నుంచీ ఆ భూమి చేతిలో ఉందని చూపించాలి. చూపించడానికి నియమాలు ఒప్పుకునే సాక్ష్యాల్లో, దరఖాస్తుదారు కాని పెద్దలు చెప్పిన మాటను రాసి పెట్టడం కూడా ఒకటి. ఏ ఇప్పచెట్టు దాకా ఎవరు దున్నారో, ఏ ఏడు ఎవరు కొట్టారో అమ్మమ్మ పక్కింటివాళ్ల కోసం చెప్పింది. అంటే ఒక మనిషి జ్ఞాపకాన్ని కాగితంలోకి ఎక్కించడం ఇక్కడ సైన్స్ ఫిక్షన్ ఏమీ కాదు, పొలం నిలబడే దారి. అయితే ఆ జ్ఞాపకం ఆమె ఒక్కదానిదీ కాదు, ఎదుటివాళ్ల అవసరం కోసం ఆమెలో దాచి ఉంచింది.

కోయల్లో దీనికోసమే మనుషులున్నారు, డోలీలు. వేల్పుల పండగల్లో పడిగె, అంటే బొమ్మలు కుట్టిన గుడ్డ, ముందు పెట్టుకుని ఆ వంశం కథ పాడతారు. మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యకి చదువు రాదు, కోయల కథలన్నీ నోటికే వచ్చు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు, 2024లో పోయారు. ఆయన పాటలు వీడియోల్లో ఉన్నాయి, ఉండటం మంచిదే. కానీ బొమ్మ గుడ్డ మీద, పాట డోలి గొంతులో, వేల్పు ఆ గట్టువాళ్ల దగ్గర ఉండే జ్ఞాపకంలో ఏ ముక్కని స్కాన్ చేస్తే మొత్తం వచ్చినట్టు?

స్క్రిప్టు మూడో రోజు మార్చాం. అంగారకుడి డైలాగు తీసేశాం. కొత్త ముగింపులో మనసు పూర్తిగా ఎక్కుతుంది, స్క్రీన్ మీద ఆమె గొంతు పలుకుతుంది. తన పొలం గురించి ఏదో చెప్పబోతుంది. అంతలో మిషన్ ధ్రువీకరణ కోసం వేలు పెట్టమంటుంది. ఆమె వేలు తుడుచుకుంటూ ఉండగా సినిమా అయిపోతుంది. కాలేజీలో స్క్రీనింగ్ అయ్యాక జ్యూరీలో ఒకరు, "ఇందులో ఫ్యూచర్ ఎక్కడుంది?" అని అడిగారు. గూడెంలో గోడకి దుప్పటి కట్టి వేసినప్పుడు ఆ ప్రశ్న రాలేదు. మిషన్ కనపడగానే నవ్వారు, వేలు తుడుచుకుంటున్నప్పుడు నవ్వడం ఆపేశారు.

ఆ రాత్రి సామాను సర్దుకుంటుంటే అమ్మమ్మ హార్డ్ డిస్క్ చూపించి, తన మాటలన్నీ అందులోనే ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయన్నాను. ఎవరింట్లో ఉంటుందని అడిగింది. నా దగ్గరే అన్నాను. ఆమె నాతో ఇంకేం అనలేదు. మనవడి వైపు తిరిగి కోయలో ఒక మాట చెప్పింది. వాడు ఫోన్ తీసి, ఒక కాపీ తనకీ ఇమ్మన్నాడు.