తప్పుల చిట్టాలో తాతల జాడ

పెద్దలు కాదన్న పెళ్లి గురించి ఊరు కొన్నాళ్లు చెప్పుకుంటుంది, తర్వాత మర్చిపోతుంది. అమెరికాలోని ఎక్సెటర్ మాత్రం మర్చిపోలేదు. రెండున్నర శతాబ్దాలకు పైగా కాగితం మీద దాచిపెట్టింది!

పెన్సిల్వేనియా రాష్ట్రం, బెర్క్స్ కౌంటీ. ఫిలడెల్ఫియా నుంచి వాయవ్యంగా వెళ్తే ఎక్సెటర్ వస్తుంది. 1759 నాటి క్వేకర్ల రాతి ప్రార్థనా మందిరం ఇప్పటికీ అక్కడ ఉంది. ఆడంబరమేమీ ఉండదు. పక్కనే శ్మశానం. తొలినాటి సమాధుల మీద పేర్లు కూడా లేవు. చనిపోయాక గొప్పలెందుకన్నది క్వేకర్ల పద్ధతి. మరి ఇక్కడ తాతముత్తాతల్ని వెతుక్కోవడమెలా? రాళ్లు చెప్పని సంగతులు రిజిస్టర్లు చెబుతాయి.

పాస్టర్ లేని పెళ్లి

1681లో ఇంగ్లండు రాజు రెండో చార్లెస్ ఈ ప్రాంతాన్ని విలియం పెన్ అనే క్వేకర్‌కు రాసిచ్చాడు. ఆ వెంటే క్వేకర్ కుటుంబాలు తరలివచ్చాయి. వాళ్ల పెళ్లికి పాస్టర్ ఉండడు. వధూవరులు నెలవారీ సభలో నిలబడి తమ ఉద్దేశం చెప్పాలి. పెద్దలు విచారించి అడ్డేమీ లేదంటేనే అనుమతి. పెళ్లిరోజు అందరి ముందూ మాటిచ్చుకుంటే, వచ్చినవాళ్లు పత్రం మీద సాక్షి సంతకాలు చేస్తారు. ఒక్క కాగితంలో చుట్టాల జాబితా దొరికినట్టే! చిక్కల్లా తేదీలతోనే. నెలలకు పేర్లుండవు, అంకెలే. 1752కు ముందు 'మొదటి నెల' అంటే మార్చి.

బయటివాళ్లను చేసుకుంటే...

కెంటకీకి బాట వేసిన సాహసి డేనియల్ బూన్ 1734లో పుట్టింది ఇక్కడే. అతని అక్క 1742లో క్వేకర్ కాని వ్యక్తిని పెళ్లాడింది. తండ్రి స్క్వైర్ బూన్ సభకు క్షమాపణ చెప్పుకున్నాడు. కొన్నేళ్లకు అన్న ఇజ్రాయెల్ కూడా అదే పని చేశాడు. ఈసారి తండ్రి తలవంచలేదు. 1748లో ఆయన్ని వెలివేశారు. 1750లో కుటుంబం ఊరు విడిచి ఉత్తర కరొలినా దారి పట్టింది.

డేనియల్ బాబాయి కూతురు ఆన్ బూన్‌దీ అదే కథ. 1760లో ఆమె అబ్రహాం లింకన్‌ను పెళ్లాడింది. ఈయన అమెరికా అధ్యక్షుడైన లింకన్ కాదు, ఆ అధ్యక్షుడి ముత్తాత జాన్‌కు సవతి తమ్ముడు! క్వేకర్ కానివాడిని చేసుకున్నందుకు ఆన్ తప్పు ఒప్పుకోవాల్సి వచ్చింది.

అధ్యక్షుడికే తెలియలేదు

1859లో అధ్యక్షుడు కాబోయే లింకన్ తన గురించి క్లుప్తంగా రాసుకున్నాడు. పూర్వీకులు క్వేకర్లనీ, బెర్క్స్ కౌంటీ నుంచి వర్జీనియా వెళ్లారనీ చెప్పాడు. అంతకుముందు సంగతులు ఆయనకు తెలియవు. తర్వాత పరిశోధకులకు ఆ దారం భూమి కాగితాల్లో దొరికింది. జాన్ తండ్రి మోర్డకై లింకన్ వీలునామాలో న్యూజెర్సీలోని 300 ఎకరాలు జాన్‌కు రాశాడు. జాన్ ఆ భూమిని 1748లో అమ్మినప్పుడు, తాను మోర్డకై కొడుకునని దస్తావేజులో చెప్పుకున్నాడు. అక్కణ్నుంచి వెనక్కి వెళ్తే, 1637లో ఇంగ్లండు నుంచి మసాచుసెట్స్ చేరిన శామ్యూల్ లింకన్ దాకా వంశం దొరికింది.

లింకన్లు క్వేకర్లన్న మాటకు జవాబు ఆన్ క్షమాపణలోనే ఉంది. ఆమె భర్త క్వేకరే అయితే ఆ క్షమాపణ అవసరమే ఉండేది కాదు!

మోర్డకై 1733లో కట్టిన ఇల్లు ఎక్సెటర్‌లో ఇంకా నిలిచే ఉంది. పేరు లేని సమాధుల్లో ఎవరెక్కడున్నారో చెప్పలేం. కానీ తప్పు చేశారని రాసిపెట్టిన వాళ్ల పేర్లు మాత్రం చెక్కుచెదరలేదు.